చెక్కకూ కాస్త చోటివ్వాలి

మీ ఇంట్లో వానలు మొదలవగానే బిగుసుకుపోయే తలుపు ఒకటి ఉండే ఉంటుంది. కార్తీకంలో దాన్ని భుజంతో తోస్తే గానీ మూసుకోదు. మాఘం వెళ్ళేసరికి ఏమీ ఎరగనట్టు హాయిగా తిరుగుతుంది. వైశాఖంలో అయితే గడియ పెట్టినా గాలికి టకటకలాడుతుంది. ఏటా చూస్తూనే ఉంటాం. 'పాత తలుపు కదా' అని సరిపెట్టుకుంటాం. ఆ తలుపు చెప్పే మాట చెవిన పెట్టి ఉంటే మా బావ తన తాతగారి టేకును కట్టెల పొయ్యి దాకా తెచ్చుకునేవాడు కాదు.

మా అక్కాబావలది వరికుంటపాడు. నెల్లూరు జిల్లా పడమటి కొసన, ఉదయగిరి దాటి పామూరు వైపు వెళ్తుంటే వస్తుంది. ఎండలు మండే మెట్టప్రాంతం. బావ వాళ్ళ తాతగారు కట్టిన మిద్దె ఒకటి ఉండేది. మట్టి గోడలు, పైన టేకు దూలాలు, వాటిమీద దంతెలు. గోడలు బీటలిచ్చాక 2014లో దాన్ని విప్పేసి, ఆ చోటే స్లాబు ఇల్లు కట్టుకున్నారు. దూలాలను మాత్రం బావ అమ్మలేదు. చేలో కొట్టం కింద పేర్చి, పైన తాటాకు కప్పి కాపాడుకున్నాడు.

మా మేనల్లుడు బెంగళూరులో ఉద్యోగం. వాడి ఫ్లాటులో చెక్క నేల. చెక్క కడప బండలా కాలికి చల్లగా తగలదు, కాస్త మెత్తదనం కూడా ఉంటుంది. అక్కకు మోకాళ్ళ నొప్పులు. కొడుకింట్లో నాలుగు రోజులు ఉండొచ్చి, 'ఆ నేలమీద కాళ్ళు లాగలేదురా' అంది. అంతే, మేడమీద గదికి చెక్క నేల వేయించాల్సిందేనని కొడుకు పట్టుబట్టాడు. రెడీమేడు పలకలు పంపుతానన్నాడు. బావకు పౌరుషం వచ్చింది. 'మా తాత దూలాలు ఉండగా కొనడమేంది?' అన్నాడు. దూలాలు కోత మిల్లుకు వెళ్ళాయి. మూడున్నర అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం పలకలై తిరిగొచ్చాయి.

మూపురం లేచింది

2015 మే నెల గుర్తుందా? రాష్ట్రమంతా వడగాడ్పులతో అల్లాడిన నెల. సరిగ్గా అప్పుడే బావ పని పెట్టించాడు. నేలమీద ప్లైవుడ్ పరిచి, దానిమీద పలకలను ఒకదాన్నొకటి కొరికించి, మేకులు కొట్టి బిగించారు. పనివాళ్ళు గోడ పక్కన సందు వదలబోతే బావే ఒప్పుకోలేదు. 'సందు కనపడితే డబ్బులియ్యను' అన్నాడట. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దారం దూరకుండా బిగించేశారు. చూడటానికి అద్దంలా ఉంది. నేను వెళ్ళి చూసి మెచ్చుకుని కూడా వచ్చాను.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. ఆ ఏడు ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు జిల్లాను ముంచెత్తాయి. గదిలోకి చుక్క నీరు రాలేదు. అయినా ఒకరోజు రాత్రి మేడమీద తుపాకీ పేలినట్టు శబ్దమైంది. వెళ్ళి చూస్తే గది మధ్యలో పలకలు ఎద్దు మూపురంలా లేచి నిలబడ్డాయి.

'తాత కర్రను నా చేత్తోనే పాడు చేసుకున్నా' అని బావ ఆ గదికి తాళం పెట్టేశాడు. పలకలన్నీ ఊడదీయించి కొట్టం కింద పడేశాడు. పొయ్యిలోకి వాడుకోమన్నాడు గానీ అక్క ఒక్క ముక్కనూ ముట్టలేదు. కొడుకు ఫోనులో ఆ ఊసెత్తితే బావ ఫోను అక్క చేతికిచ్చేసి బయటికి వెళ్ళేవాడు. ఏడాది పైగా ఇదే తంతు.

వందేళ్ళ కర్రయినా సరే

బావ చేసిన పొరపాటు మనలో చాలామంది చేసేదే. 'పాత చేవకర్ర. ఎప్పుడో ఎండింది. ఇంక కదిలేదేముంది?' అనుకుంటాం. ఎండటం వేరు, కదలకపోవడం వేరు. కర్ర ఎంత పాతదైనా గాలిలో తేమ పెరిగితే ఆ తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. గాలి పొడిబారితే వదిలేసి ముడుచుకుంటుంది. చెట్టును కొట్టి వందేళ్ళయినా ఆ గుణం పోదు. అందులో టేకు మిగతా వాటికన్నా తక్కువ కదులుతుంది, అంతే.

అయితే ఈ కదలిక అన్నివైపులా ఒకేలా ఉండదు. పొడవులో దాదాపు లేనట్టే. ఉబ్బేదంతా అడ్డంగా, అంటే పలక వెడల్పులోనే. టేకు పలకలో తేమ 8 శాతం నుంచి 12 శాతానికి పెరిగిందనుకోండి. ఒక్క పలకలో ఆ తేడా కంటికి ఆనదు. కానీ 12 అడుగుల గదిలో పలకలన్నీ పక్కపక్కన ఉంటాయి కదా! కోతను బట్టి కాస్త అటూఇటూ అయినా, అన్నిటి ఉబ్బూ కలిపితే లెక్కకు అంగుళం దాకా వస్తుంది. మే నెల ఎండలో ముడుచుకుని ఉన్న పలకలను సందు లేకుండా బిగిస్తే, నవంబరులో ఆ అంగుళం ఎటు పోవాలి? గోడ జరగదు. అందుకే పైకి లేచింది.

ఇదంతా మనకు తెలియని శాస్త్రమేమీ కాదు. బావకు ఆ మాట గుర్తుచేసింది ఊళ్ళోని పెద్దాయన, ఒకప్పుడు బండి చక్రాలు చేసిన ఆచారిగారు. ఓ రోజు ఏదో పనిమీద కొట్టం వైపు వచ్చి, పడేసిన పలకలను చూసి, ఒకదాన్ని గోటితో గీకి, వాసన చూశారట.

'కర్రకేం కాలేదు నాయనా. ఊపిరాడక లేచింది, అంతే. ఎండాకాలం చక్రంలో ఆకులు వదులైతే మీ నాయన బండిని వాగులో దించి నానబెట్టేవోడు గదా. నీళ్ళు తాగినాక బిగిసేది. అప్పుడు ఆ కర్ర పాతది కాదా?' అన్నారట.

బావ నోట మాట లేదు. చిన్నప్పుడు ఆ బండిని వాగులోకి తోలింది తనే మరి!

చాప అల్లినట్టు

లేచేటప్పుడు చాలా పలకలు కొసల్లో చీలాయి. పొడవాటివి పోను మిగిలినవి ముక్కలే. ముక్కలతో నేల ఏమిటని బావ సందేహం. నిజానికి చెక్క నేలల్లో పేరున్న పద్ధతి ముక్కలదే. దాన్నే పార్కే అంటారు. చిన్న చిన్న చెక్క బిళ్ళలను ఒక వరసలో, ఒక లెక్కలో పేర్చి అంటించడం. చేపముల్లులా ఏటవాలుగా పేర్చేది ఒక రకం. ఈతచాప అల్లినట్టు పేర్చేది ఇంకో రకం. ఆచారిగారి మనవడు బెంగళూరులో ఈ పనే చేస్తున్నాడు. సెలవుకు వచ్చినవాడిని తాత పట్టుకొచ్చారు. జిగురు, మిషను సంగతులు మనవడికి తెలుసు. కర్ర సంగతి తాతకు తెలుసు. 2017 ఫిబ్రవరిలో పని మొదలైంది. వానలు వెనకబడి, ఎండలు ముదరని కాలం కావాలని తాతే ముహూర్తం పెట్టారు. చెక్క మరీ ఉబ్బీ ఉండదు, మరీ ముడుచుకునీ ఉండదు.

పని ఎలా జరిగిందో రెండు రోజులు దగ్గరుండి చూశాను. మీలో ఎవరికైనా అవసరం పడొచ్చని చెబుతున్నాను.

ముందు కర్ర ఏరివేత. తెల్లచెక్క ఉన్న ముక్కలన్నీ పక్కన పెట్టేశారు. చెదలు, పురుగు ముందు పట్టేది దాన్నే. చేవ ఉన్న పలకల అంచులు చెక్కేసి, మూడు అంగుళాల వెడల్పుకు సరిచేసి, తొమ్మిది అంగుళాల పొడవున కోశారు. ఈ లెక్కలోనే కిటుకంతా ఉంది. మూడు ముక్కలను పక్కపక్కన పెడితే తొమ్మిది అంగుళాల చదరం అవుతుంది. ఒక చదరంలో ముక్కలు నిలువుగా ఉంటే పక్క చదరంలో అడ్డంగా. అదే చాప అల్లిక. దీనివల్ల ఒక మేలుంది. ఏ వైపు నుంచి చూసినా సగం చదరాలే వెడల్పులో ఉబ్బుతాయి. మిగతా సగం పొడవులో ఉంటాయి కాబట్టి కదలవు. అంటే గది మొత్తం మీద ఉబ్బు దాదాపు సగానికి తగ్గుతుంది.

కోసిన ముక్కలను అదే గదిలో, మధ్య మధ్య సన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి రెండు వారాలు వదిలేశారు. ఏ గదిలో వేస్తామో ఆ గది గాలికి చెక్క అలవాటు పడాలి. తర్వాత మనవడు తేమ కొలిచే మీటరు పెట్టి చూస్తే 10, 11 మధ్య చూపించింది. 'సరిపోయింది' అన్నాడు. ముక్కను చెంపకు ఆనించి చూసిన తాత అప్పటికే ఆ మాట అనేశారు.

కింద నేల కూడా ఎండి ఉండాలి. పాత ప్లైవుడ్ తీసేసి, మేకుల గుంతలు పూడ్చి, సిమెంటు పూత వేసి నెల దాటింది. అయినా నమ్మకుండా అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాటిదాకా ఉంచారు. తీసి చూస్తే కింద చెమ్మ లేదు. బొట్లు కనిపించినా, సిమెంటు నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. తర్వాత రెండు మీటర్ల బద్ద పెట్టి ఎత్తుపల్లాలు చూశారు. బద్ద కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉంటే అక్కడ చదును చేయాలి.

గోడను నమ్మొద్దు

చాలామంది గోడ వార నుంచి పేర్చడం మొదలుపెడతారు. అక్కడే వంకర మొదలవుతుంది. మన గోడలు నూటికి తొంభై మూలమట్టానికి ఉండవు. బావ గది 12 అడుగులకు 15. ఒక కొసన 12 అడుగులు ఉంటే రెండో కొసన ముప్పావు అంగుళం తక్కువ. గోడను నమ్మి మొదలుపెడితే ఆ తప్పంతా ఎదుటి గోడ దగ్గర బయటపడుతుంది.

అందుకే గది నడిమధ్యన మొదలుపెట్టారు. ఎదురెదురు గోడల మధ్య బిందువులను కలుపుతూ సున్నపు దారం కొట్టి గీతలు గీశారు. రెండు గీతలూ కచ్చితంగా మూలమట్టంలో ఉన్నాయో లేదో చూడటానికి పాత లెక్కే. ఒక గీత మీద మూడడుగులు, రెండోదాని మీద నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండిటి మధ్య ఏటవాలుగా కొలిస్తే సరిగ్గా ఐదడుగులు రావాలి.

తర్వాత కాగితం మీద లెక్క. 12 అడుగులంటే 144 అంగుళాలు. రెండు వైపులా అరంగుళం చొప్పున సందు పోతే 143. తొమ్మిది అంగుళాల చదరాలు 15 పెడితే చెరో వైపు నాలుగు అంగుళాలు మిగులుతుంది. ఆ సన్నటి ముక్క కంటికి అతుకులా కనిపిస్తుంది. అదే 14 పెడితే చెరో వైపు ఎనిమిదిన్నర. పొడవులో కూడా 18 చదరాలు పెడితే అటూ ఇటూ ఎనిమిదిన్నరే మిగిలింది. చీర అంచులా చుట్టూ ఒకే వెడల్పు! ఆ అంచుకు చీలకుండా మిగిలిన పొడవాటి పలకలను మూడు వరసలుగా వాడారు. గోడ వంకరంతా గోడ పక్క పలకను చెక్కడంలో కలిసిపోయింది. మధ్యలో 252 చదరాలు, అంటే 756 ముక్కలు. కోతలో పోయేవాటికి నూటికి పది చొప్పున ఎక్కువ కోసి ఉంచుకున్నారు. చేపముల్లు వరస అయితే ఇంకాస్త ఎక్కువే పోతుంది.

అంటించే ముందు నాలుగు వరసలు జిగురు లేకుండా పేర్చి చూసుకున్నారు. రంగు తేడాలు అప్పుడే సర్దుకోవాలి. తర్వాత పళ్ళ తాపీతో జిగురు పరిచి, గీత వెంబడి ముక్కలు పెడుతూ, చిన్న చెక్క సుత్తితో తట్టుకుంటూ వెళ్ళారు. జిగురు కూడా చెక్క నేలల కోసం చేసినదే కావాలి. ఆరాక కూడా కాస్త సాగే గుణం దానికి ఉంటుంది. బల్లలకు వాడే తెల్ల జిగురులో నీరుంటుంది. దాన్ని నేలంతా పరిస్తే చెక్క ఆ నీటిని తాగి అంచులు పైకి లేపుతుంది.

జిగురు ఆరాక రాపిడి మిషను. గరుకు కాగితం ముందు 40 నంబరు, తర్వాత 60, 80, చివర 120. రాపిడిలో రాలిన టేకు పొడినే జిగురులో కలిపి సన్న సందులు పూడ్చారు. పైన మూడు పూతల పాలిష్. తాత దూలం రంగు మళ్ళీ తేలింది.

అన్నిటికన్నా ముఖ్యం గోడ చుట్టూ వదిలిన ఆ అరంగుళం. అది చూసి బావ ప్రాణం మళ్ళీ ఉసూరుమంది. 'ఇందులో కాస్త సిమెంటు కూరితే?' అన్నాడు. ఆచారిగారు తలెత్తకుండానే, 'ఆ సందు నీది కాదు నాయనా, వానలది' అన్నారు. తర్వాత గోడ అడుగున చెక్క పట్టీ కొట్టి సందును కప్పేశారు. పట్టీని గోడకే బిగించారు, నేలకు కాదు. నేలకు మేకు కొడితే సందు వదిలీ ఫలం లేదు.

కడగని నేల ఏం నేల?

నేల పూర్తయ్యాక అసలు తగువు అక్కతో వచ్చింది. శుక్రవారం నాడు ఇల్లు కడగకపోతే ఆమెకు ముద్ద దిగదు. చెక్కను కడగకూడదంటే, 'కడగని నేల ఏం నేలరా?' అంది.

అప్పుడు అక్కకు ఫ్రాన్సు రాజుగారి కథ చెప్పాను. వెర్సాయ్ రాజభవనంలో మొదట పాలరాతి నేలలుండేవి. వాటిని ఎప్పుడూ కడుగుతూ ఉండటంతో నీళ్ళు కిందికి దిగి, అడుగున మోస్తున్న కర్ర దూలాలు కుళ్ళడం మొదలుపెట్టాయి. దాంతో 1684లో పాలరాయి తీయించి పార్కే నేలలు వేయించారు. కడగడం మానడానికే చెక్క నేల వచ్చిందన్నమాట. అక్క అంతా విని, 'వాళ్ళకు శుక్రవారం పట్టింపు లేదు కాబట్టి సరిపోయింది' అంది. చివరికి గడప, వసారా కడుక్కునేట్టు, గదిలో మాత్రం మెత్తటి చీపురు, బాగా పిండిన గుడ్డ వాడేట్టు రాజీ కుదిరింది.

అందుకే చెక్క నేల అందరికీ చెప్పను. కింది అంతస్తులో నేల చెమ్మగిల్లే ఇళ్ళకు, వంటింటికి, స్నానాల గది పక్కకు వద్దు. వాన జల్లు కొట్టే కిటికీ ఉన్న గదికీ వద్దు. మన ఎండలకు పగలంతా నడిచే వసారాకు కడప బండను మించింది లేదు. పడకగదికి, ముఖ్యంగా మేడమీద గదికి మాత్రం చెక్క బాగుంటుంది. వేయించేటప్పుడు పనివాళ్ళను మూడే మూడు మాటలు అడగండి. చెక్కను ఎన్నాళ్ళు గదిలో ఉంచుతారు? కింద తేమ చూశారా? గోడ పక్కన ఎంత సందు వదులుతారు? మూడోదానికి 'సందెందుకండీ, టైటుగా బిగిస్తాం' అని జవాబొస్తే కాఫీ ఇచ్చి పంపించేయండి.

ఉదయగిరి చెక్క చెంచాలకు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెక్క మనసెరిగిన చేతులు ఆ సీమలో ఇంకా ఉన్నాయి. మనమే వాళ్ళను అడగడం మానేశాం. బావ ముందే ఆచారిగారిని పిలిచి ఉంటే తాతగారి దూలాలు రెండోసారి కోత పడేవి కావు. తండ్రీ కొడుకుల మధ్య ఏడాదిపాటు మాట పట్టింపూ ఉండేది కాదు.

2017లో వేసిన ఆ నేల ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎండాకాలంలో అక్కడక్కడా వెంట్రుకవాసి గీతలు విచ్చుకుంటాయి. వానలు పడితే మూసుకుంటాయి. కొత్తలో బావ కంగారుపడేవాడు. ఇప్పుడు ఎవరైనా వస్తే వంగి చూపించి, 'మా తాత కర్ర ఊపిరి పీలుస్తుండాది' అంటున్నాడు. సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు మంచం వద్దని ఆ నేలమీదే చాప వేసుకుని పడుకుంటాడు.

చివరగా, మొదట చెప్పుకున్న తలుపు సంగతి. ఈసారి వానల్లో అది బిగుసుకున్నప్పుడు వెంటనే వడ్రంగిని పిలిచి అంచు చెక్కించేయకండి. చెక్కిస్తే ఎండాకాలంలో వేలెడు సందు వస్తుంది. వైశాఖం దాకా ఆగండి. అప్పటికీ పట్టేస్తుంటేనే చిత్రిక పట్టించండి.